త్రికోణపు మగ్గంపై నూలు దారం మధ్యకు వచ్చేసరికి బిగుసుకుపోతోంది: దారం మార్చాలా, చట్రం మార్చాలా?

రామగిరి_చేతిపని (నల్లగొండ)

సభ్యులందరికీ నమస్కారం. నల్లగొండలో మా చేతిపనుల బృందం కొంతకాలంగా త్రికోణపు మగ్గంపై నేత నేర్చుకుంటోంది. మా బృందంలో క్రోషా, కుట్టుపని, ఊలు అల్లిక బాగా తెలిసిన మహిళలే ఎక్కువ. మగ్గం ఉన్న ఇంట్లో పెరిగినవారు మాత్రం ఎవరూ లేరు. ఈ వేదికలో నేత పని తెలిసిన కుటుంబాలవారు ఉన్నారు కనుక మా సందేహాలను ఇక్కడ పెడుతున్నాను.

ఈ మగ్గాన్ని చూడనివారి కోసం కొంచెం వివరిస్తాను. మూడు చెక్కపట్టీలను లంబకోణ త్రిభుజంగా బిగించి, మూడు పట్టీల మీదా వరుసగా సన్నని మేకులు కొడతారు. పొడవైన పట్టీ పైన ఉండేలా చట్రాన్ని గోడకు ఆనించి నేస్తాం. దీనికి పన్నె (పోగులను విడదీసి, నేతను దగ్గరకు కొట్టే దువ్వెనలాంటి పళ్ల చట్రం) లేదు, అచ్చు లేదు, పేక దారాన్ని మోసే నాడె లేదు, కాలితో తొక్కే పావుకోళ్లు కూడా లేవు. పడుగు, అంటే నిలువు దారాలు, ముందుగా పోసుకోవలసిన అవసరం లేదు. ఒకే దారం పైనుంచి కిందికి దిగినప్పుడు పడుగు అవుతుంది, పక్క మేకు దగ్గర మలుపు తిరిగి అడ్డంగా వెళ్లినప్పుడు పేక అవుతుంది. దారపు ఉండ చట్రం బయటే ఉంటుంది. పొడవాటి క్రోషా కొక్కెంతో ఉచ్చును పోగుల మీదుగా, కిందుగా లాగి మేకుకు తగిలించడమే పని. నేత రెండు చివరి మూలల దగ్గర మొదలై మధ్యకు చేరుతుంది. గుడ్డను చట్రం నుంచి తీసినప్పుడు కత్తిరించి పారేయవలసిన పడుగు ముక్క ఏదీ మిగలకపోవడం మాకు చాలా నచ్చింది.

ఇక మా ఇబ్బంది ఇది. బజారులో దొరికే ఆక్రిలిక్ ఊలుతో నేసినప్పుడు పని సాఫీగా సాగింది. నల్లగొండ ఎండలకు ఊలు శాలువా ఎవరు కప్పుకుంటారని అనుకుని, మగ్గం నేతకు వాడే నూలు చిలపలు (దారపు కట్టలు) తెచ్చి, నాలుగు పేటలు కలిపి నేయడం మొదలుపెట్టాం. సగం వరకు బాగానే ఉంది. మధ్యలో నాలుగు వేళ్ల వెడల్పు మిగిలేసరికి కొక్కెం మొన ఒక్కో పోగునూ వెతుక్కుంటూ వెళ్లవలసి వస్తోంది. ఉచ్చును లాగితే పక్క పోగులు కూడా దానితోపాటు కదిలిపోతున్నాయి, పైపట్టీ మీది మేకులు లోపలికి వంగుతున్నాయి. ఇది దారం లోపమా, చట్రం లోపమా, చేతి లోపమా తెలిసినవారు చెప్పగలరు. అంచులు సాగకుండా ఉండే ఉపాయం కూడా తెలిస్తే చెప్పండి.

పాలమూరు_వడ్రంగం (మహబూబ్‌నగర్)

రామగిరి గారూ, దారం సంగతి నేతగాళ్లు చెప్పాలి. చట్రం సంగతి నేను చెబుతాను. ఇటువంటి చట్రాలు మా దుకాణంలో కొన్ని చేశాం.

మొదట కొలతలు సరిచూడండి. పైపట్టీ మీద మేకుకూ మేకుకూ ఎంత ఎడం ఉందో, పక్కపట్టీల మీద అంతకు ఇంచుమించు 1.4 రెట్లు ఉండాలి. లంబకోణ త్రిభుజంలో రెండు పక్కలు సమానమైనప్పుడు పొడవు భుజం ఒక పక్కకు 1.414 రెట్లు ఉంటుంది గనుక ఈ లెక్క వచ్చింది. ఉదాహరణకు పైపట్టీలో మేకులు కొట్టే భాగం 120 సెంటీమీటర్లు అనుకోండి. అప్పుడు ఒక్కో పక్కపట్టీ 85 సెంటీమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. పైన సెంటీమీటరుకు ఒకటి చొప్పున 120 మేకులు పడితే, పక్కన సెంటీమీటరున్నర కంటే కొంచెం తక్కువ ఎడంతో ఒక్కోదానికి 60 మేకులు రావాలి. రెండు పక్కల మేకులు కలిపితే పైవాటితో సమానం కావాలన్నమాట. చాలామంది మూడు పట్టీల మీదా ఒకే ఎడం పెట్టేస్తారు. అలాంటి చట్రం మీద దారం నిలువుగా, అడ్డంగా నిలవకుండా వంకరపోతుంది, ఆ వంకరంతా చివరికి మధ్యలోనే పోగవుతుంది.

రెండోది, మూలమట్టం పెట్టి కింది మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో చూడండి. మూలల దగ్గర ఒక పట్టీ మీద ఇంకో పట్టీని పెట్టి స్క్రూ బిగించి వదిలేయకూడదు. రెండు పట్టీలనూ సగం మందం చొప్పున చెక్కి, ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టి, జిగురు పెట్టి బిగించాలి. నూలు దారం వందల పోగులుగా ఒకేసారి లాగినప్పుడు ఆ బలం చిన్నది కాదు. చెక్క పచ్చిగా ఉంటే ఒక వేసవి దాటేసరికి మెలిపడుతుంది కాబట్టి బాగా ఎండిన టేకే వాడండి.

మేకులు వంగుతున్నాయన్నారు. ముందు సన్నని బెజ్జం వేసి, ఆ బెజ్జంలో మేకును చట్రం బయటివైపుకు రవ్వంత వాలేలా దిగగొట్టాలి. అప్పుడు దారం లాగినా మేకు నిటారుకు వస్తుందే తప్ప లోపలికి పడిపోదు, ఉచ్చు కూడా జారిపోదు. మేకుల తలలు సన్నగా ఉండాలి. పెద్ద తలలుంటే గుడ్డ తీసేటప్పుడు పోగులు తెగుతాయి.

చౌటుప్పల్_ఆసు

వడ్రంగం గారు చెప్పిన చట్రం లెక్క సరైనదే. అయినా ఆక్రిలిక్‌తో అదే చట్రం మీద పని సాఫీగా సాగిందని రామగిరి గారే అన్నారు కాబట్టి అసలు కారణం దారంలోనే ఉందని నా అభిప్రాయం.

మీరు తెచ్చినది మగ్గానికి తయారుచేసిన నూలు అయితే దానికి గంజి పట్టించి ఉండవచ్చు. మా ఇళ్లలో పడుగుకు గంజి ఎందుకు పెడతామంటే, గుంట మగ్గం మీద పడుగు పోగు పన్నె పళ్ల మధ్య రోజంతా ఒరుసుకుంటుంది. గంజి లేకపోతే నూగు లేచి తెగిపోతుంది. మీ త్రికోణపు మగ్గానికి పన్నె లేదు, ఒరిపిడి లేదు. అక్కడ గంజి చేసే మేలు ఏమీ లేకపోగా పోగును బిరుసుగా చేసి, పైకీ కిందికీ వంగనివ్వకుండా చేస్తుంది. మొదట ఆ చిలపలను గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, సబ్బుతో పిండి, నీడలో వేలాడదీసి ఆరబెట్టండి. ఆరిన నూలు పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది.

రెండో కారణం సాగుడు. ఊలు లాగితే సాగి, వదిలితే మళ్లీ దగ్గరకు వస్తుంది. నూలుకు ఆ గుణం చాలా తక్కువ. ఒక పోగు ఇంకో పోగు మీదుగా ఎక్కి దిగినప్పుడల్లా కొంచెం పొడవు ఖర్చవుతుంది. ఊలు తాను సాగి ఆ పొడవును ఇస్తుంది. నూలు ఇవ్వలేదు, కాబట్టి మీరే ముందుగా వదులు ఉంచాలి. మూలల దగ్గర మొదలుపెట్టినప్పుడు పోగులు కొన్నే దాటాలి, మధ్యకు వెళ్లేకొద్దీ దాటవలసిన పోగులు పెరుగుతాయి. అంటే ఆరంభంలో వీణ తీగలా బిగించి కట్టిన అడ్డపు పోగులే చివర మీ కొక్కేనికి అడ్డం పడుతున్నాయి. మొదటి వరుసల నుంచే, వేలితో నొక్కితే అర అంగుళం దిగేటంత వదులు ఉంచి తగిలించండి. అది చూడటానికి జారుడుగా అనిపిస్తుంది. సగం దాటాక దానంతట అదే సర్దుకుంటుంది.

మీ మగ్గం గురించి చదివినప్పుడు నాకు ఆసు గుర్తుకొచ్చింది. మా వైపు చిటికీ (నూలుకు ముడులు కట్టి రంగు వేసి నేసే) చీరకు పేక నూలును రంగు వేయడానికి ముందు ఆసు మీద పోయాలి. ఒక పక్కన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుస మేకులు ఉంటాయి. చేయి ఇటూ అటూ కదులుతూ ఒక్కో మేకుకూ దారం చుట్టాలి. ఒక చీరకు చేయి వేలసార్లు కదలాలి. ఈ పని ఎక్కువగా మా అమ్మలు, అమ్మమ్మలే చేశారు, వాళ్ల భుజాలు ఎంత నొప్పిపెట్టేవో ఇంట్లో అందరికీ తెలుసు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి బాధ చూసి ఆసు యంత్రం తయారుచేసి, ఆమె పేరుతోనే దానికి లక్ష్మి అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మేకుల మీద దారం చుట్టే పనిలో బిగువు సమానంగా ఉండటమే ప్రాణం అన్న విషయం ఆసు పోసిన ఏ పెద్దావిడను అడిగినా మీ బృందానికి చేత్తో చూపించగలదు. వీలైతే ఒకసారి భూదాన్ పోచంపల్లికో కొయ్యలగూడేనికో వెళ్లి చూడండి.

పుట్టపాక_పోగు

నేను ఒక మాట స్పష్టంగా చెప్పదలచుకున్నాను, ఎవరూ నొచ్చుకోవద్దు. మీరు నేర్చుకోవడం సంతోషమే. అయితే ఇలాంటి బృందాలు కొన్నిచోట్ల తమ గుడ్డలను ప్రదర్శనల్లో చేనేత పేరుతో మా వస్త్రాల పక్కనే పెట్టి అమ్ముతున్నాయి. పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రుమాలు వెనుక నూలును నూనెలో, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి మర్దించడం ఉంది, పోగుపోగునూ లెక్కగట్టి ముడివేయడం ఉంది, రంగుల్లో ముంచడం ఉంది, ఆ తరువాతే మగ్గం ఎక్కించడం ఉంది. కొనేవారికి ఈ తేడా తెలియదు. తక్కువ ధర ఉన్నదాన్ని తీసుకుని వెళ్లిపోతారు. మీరు అమ్మదలిస్తే ఏ చట్రం మీద, ఏ నూలుతో చేశారో చీటీ మీద తప్పనిసరిగా రాయండి. ఇది నా విన్నపం.

రామగిరి_చేతిపని

పుట్టపాక గారూ, మీరు అడిగింది న్యాయమైన విషయం. మా బృందం ప్రస్తుతం నేసినవాటిని ఇళ్లలోనే వాడుకుంటోంది. ముందు ముందు అమ్మకానికి పెట్టినా మీరు చెప్పినట్టు చీటీ రాస్తాం, చేనేత అన్న వరుసలో పెట్టం. మీ మాటను బృందంలో అందరికీ చదివి వినిపించాను.

ఆసు గారూ, గంజి సంగతి మాకు తోచనే లేదు. చిలపలు నిజంగానే బిరుసుగా ఉన్నాయి. నానబెట్టాం. మొదటి నీళ్లు పాలలాగా తెల్లబడ్డాయి. వడ్రంగం గారు చెప్పిన మేకుల లెక్క చూస్తే మా చట్రంలో మూడు పట్టీల మీదా ఒకే ఎడం ఉంది. కొత్త చట్రం చేయించుకోబోతున్నాం. చలికాలానికి ఊలుతో కూడా ఒకటి నేయాలని కొందరు పట్టుబడుతున్నారు. ఆక్రిలిక్ కాకుండా మన గొర్రెల ఊలు దొరికితే దానితో చేయవచ్చా? 120 సెంటీమీటర్ల చట్రానికి దారం ఎంత కావాలో కూడా చెప్పగలరా?

కల్వకుర్తి_గొంగడి

చేయవచ్చు, చేయాలి కూడా. మాది కురుమ కుటుంబం. దక్కనీ గొర్రె ఊలు బిరుసుది, చర్మానికి మెత్తగా ఉండదు. ఆస్ట్రేలియా ఊలు శాలువాలాంటిది కావాలనుకుంటే దీనితో రాదు. కానీ పోగు పోగును పట్టుకుని నిలబడే గుణం దీనికి ఎక్కువ. త్రికోణపు మగ్గం మీద గుడ్డను పన్నెతో కొట్టి దట్టం చేయడం ఉండదు గనుక నున్నటి దారంతో నేసినది చట్రం నుంచి తీశాక జల్లెడలా కదిలిపోతుంది. చేతితో వడికిన నల్ల ఊలు అలా కదలదు. ఒక్కసారి నీళ్లలో పడితే నూగు నూగుతో కలిసి ఇంకా గట్టిపడుతుంది.

గొంగడి నేతలో పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తాం. మీరు మాత్రం దాని జోలికి వెళ్లకండి. ఆసు గారు నూలుకు చెప్పిన కారణమే ఊలుకూ వర్తిస్తుంది. వడికిన దారంలో కొన్నిచోట్ల లావుగా, కొన్నిచోట్ల సన్నగా ఉంటుంది. బాగా లావు ఉన్న ముక్కలను మధ్య భాగానికి రానివ్వకుండా మొదటి వరుసల్లోనే వాడేయండి.

దారం లెక్క సులువే. మీ త్రిభుజం పైభుజం 120, ఎత్తు 60 సెంటీమీటర్లు, అంటే వైశాల్యం 3600 చదరపు సెంటీమీటర్లు. సెంటీమీటరుకు రెండు పోగులు పడితే నిలువు పోగుల మొత్తం పొడవు 72 మీటర్లు, అడ్డం పోగులది ఇంకో 72 మీటర్లు. మొత్తం 144 మీటర్లకు, ఎక్కి దిగే ఖర్చు కోసం పదో వంతు కలపండి. 160 మీటర్లు దగ్గర పెట్టుకుంటే చాలు. అంచుకు కుచ్చులు కావాలంటే అది వేరే.

ఇంకొక విషయం కూడా ఇక్కడ చెప్పాలి. మాంసం కోసం పెంచే, ఊలు లేని గొర్రెల వైపు కాపరులు మళ్లడంతో నల్ల దక్కనీ మందలు మా ప్రాంతంలో బాగా తగ్గిపోయాయి. కత్తిరించిన ఊలుకు కొనేవారు లేక పారబోసే ఇళ్లు ఉన్నాయి. మీ బృందం కొంత దారం కొన్నా వడికే పెద్దవాళ్లకు పని దొరుకుతుంది. కాపరి దగ్గర నేరుగా కొంటే ఊలు ఉతికి ఉందా లేదా అని ముందుగా అడిగి తీసుకోండి.

నారాయణపేట_గళ్లు

రంగుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా నారాయణపేట మగ్గాల మీద ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు వరుసగా నేసే అలవాటు ఉంది. అక్కడ గళ్ల లెక్క పడుగు పోసేటప్పుడే తేలిపోతుంది, తరువాత పేక రంగు మార్చుకుంటూ పోవడమే. త్రికోణపు మగ్గంలో పడుగూ పేకా ఒకే దారం కాబట్టి ఒక రంగు మార్చితే రెండు దిక్కులా ఒకేసారి మారుతుంది. ఇది అర్థమైతే గళ్లు వాటంతట అవే కుదురుతాయి.

ఎర్ర దారంతో మొదలుపెట్టి సగంలో పసుపుకు మారారనుకోండి. రెండు చివరి మూలలు పూర్తిగా ఎరుపు. మెడ వెనుక పడే పైభాగం మధ్యలో అడ్డపు పోగులు ఎరుపు, నిలువు పోగులు పసుపు. వీపు మీద వేలాడే కింది మూల పూర్తిగా పసుపు. రెండేసి వరుసలకు రంగు మార్చితే చిన్న గళ్లు, ఆరేసి వరుసలకు మార్చితే పెద్ద గళ్లు వస్తాయి. రంగు మార్చే ముడి ఎప్పుడూ పక్కపట్టీ మేకు దగ్గరే వేయండి, గుడ్డ మధ్యలో వేయవద్దు. మొదటిసారికి రెండు రంగులు చాలు. మూడో రంగు చేర్చితే మధ్య భాగంలో ఏ పోగు ఏదో తెలియక కొత్తవారు తప్పు పోగును ఎత్తుతారు, ఆ తప్పు చట్రం నుంచి తీసేదాకా కనబడదు.

రామగిరి_చేతిపని

గంజి పోయిన నూలుతో, వేలికి దిగేటంత వదులు ఉంచి, పాత చట్రం మీదే మా బృందంలో ఒక అక్క మళ్లీ మొదలుపెట్టారు. ఎడం లెక్క తప్పుగానే ఉన్నా మధ్య భాగం ఈసారి చాలా తేలికగా సాగింది. చివరి రెండు వరుసలకు మాత్రం క్రోషా కొక్కెం వదిలి, పొడవాటి గోనె సూదితో నేశారు. ఇప్పుడు గుడ్డ చట్రం మీదే ఉంది. తీయడానికి అందరం జంకుతున్నాం. పక్క అంచులు సాగిపోతాయేమోనని భయంగా ఉంది.

గద్వాల_అంచు

ఆ భయం సహజమే. త్రిభుజంలో దారం నిలువుగా, అడ్డంగా నడుస్తుంది. పక్క అంచులు దానికి ఏటవాలుగా ఉంటాయి, కాబట్టి అవి సాగక తప్పదు. పైఅంచు సాగదు. గుడ్డను మేకుల నుంచి తీయకముందే, రెండు పక్క అంచుల పొడవునా, మేకు మీది ఒక్కో ఉచ్చునూ కలుపుతూ క్రోషాతో ఒక వరుస గొలుసు కుట్టు వేయండి. క్రోషా మీ బృందానికి వచ్చిన విద్యే కాబట్టి కష్టమేమీ ఉండదు. కుట్టు మరీ బిగిస్తే అంచు ముడుచుకుని మధ్య భాగం సంచిలా దిగుతుంది, గుడ్డ ఎంత సాగుతుందో కుట్టు కూడా అంత సాగాలి.

తీసేటప్పుడు ముందు కింది మూల, తరువాత రెండు పక్కలూ కొంచెం కొంచెంగా, చివరికి పైపట్టీ. తీయగానే గుడ్డ కొంత దగ్గరకు వస్తుంది, కొలత తగ్గిందని కంగారుపడవద్దు. చల్లని నీళ్లలో మెల్లగా ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు తీసి, చాప మీద పరిచి, మూడు మూలలూ సరిచేసి ఆరనివ్వండి. తీగ మీద ఆరవేస్తే ఏటవాలు అంచు తన బరువుకు తానే సాగిపోతుంది.

రెండు త్రిభుజాలను కలిపి చదరపు దుప్పటి చేయాలనుకుంటే పైఅంచును పైఅంచుకే కలపండి. మా గద్వాల చీరలో నూలు ఒడలికీ పట్టు అంచుకూ మధ్య పోగులను ఒకదానిలో ఒకటి కలిపి నేసే కుప్పడం పద్ధతి ఉంది. మీరు మగ్గం మీద అలా చేయలేరు గాని, సూదితో రెండు వైపుల ఉచ్చులనూ ఒకటి విడిచి ఒకటి కలుపుకుంటూ వెళితే అతుకు లావుగా కనబడదు. అదే నూలు వాడండి, మిషను దారం వాడితే ఉతికినప్పుడు రెండూ వేర్వేరుగా కుదించుకుంటాయి.

రామగిరి_చేతిపని

గొలుసు కుట్టు ఒక పక్క వేయడం పూర్తయింది, రెండో పక్క రేపు వేస్తాం. కల్వకుర్తి గారూ, 160 మీటర్ల లెక్కన మూడు శాలువాలకు సరిపడే నల్ల ఊలు మాకు కావాలి. ఉతికి వడికినది దొరికే చోటు ఉంటే దయచేసి ఇక్కడే రాయండి.